హొసకోటలో ఒక రాత్రి

మైసూరులో కన్నడం నేర్చుకుంటున్న రోజుల్లో మా తరగతి అంతా కలిసి రెండు పగళ్ళు, ఒక రాత్రి ప్రయాణం చేసి వచ్చాం. ఊటీకో, కొడగుకో కాదు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న వై.ఎన్.హొసకోటకు! ఆ ఊరి పేరు వినగానే మైసూరులో మా ఇంటి యజమానురాలు, "అక్కడ చూడడానికి ఏముందమ్మా, ఎండ తప్ప?" అన్నారు. ఏముందో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందుగా మా బృందం సంగతి. మేము ఎనిమిది మందిమి. ఒక జర్మనీ అమ్మాయి, ఒక జపాన్ అబ్బాయి, ముగ్గురు అమెరికా వాళ్ళు, పుణె నుంచి వచ్చిన ఒక మరాఠీ దంపతులు, నేను. అమెరికా వాళ్ళలో ఒకమ్మాయి అక్కడే పుట్టి పెరిగిన కన్నడిగుల పిల్ల. మాట వచ్చు, అక్షరం రాదు. నేను విశాఖపట్నం నుంచి అమెరికాకు చదువుకోసం వెళ్ళి, పరిశోధనకు కన్నడం అవసరమై మళ్ళీ ఇటు వచ్చినదాన్ని. అంటే సొంత దేశంలోనే విదేశీ విద్యార్థినిని అన్నమాట! మా గురువుగారు అచ్చమైన మైసూరు మనిషి. అందరం ఆయనను "మేష్ట్రే" అని పిలిచేవాళ్ళం.

ప్రయాణానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే. రెండు రోజులూ ఇంగ్లీషు మాట్లాడకూడదు. నా వైపు తిరిగి, "మీకు ఇంకొకటి. తెలుగు కూడా కూడదు" అన్నారు. ఆ షరతు ఎందుకు పెట్టారో పావగడ చేరేదాకా నాకు అర్థం కాలేదు.

పొడి అక్షరాల ఊరు

2024 జనవరిలో ఒక శనివారం తెల్లవారకముందే వ్యానులో బయలుదేరాం. మద్దూరు, కుణిగల్ మీదుగా తుమకూరు చేరేసరికి ఇడ్లీల వేళయింది. హోటలు కుర్రవాడు "తిండి ఆయ్తా?" అని అడిగితే నాకు నవ్వొచ్చింది. మనకు తిండి అంటే ఏదైనా తిండే. మైసూరు వైపు తిండి అంటే పొద్దున్నే తినే ఫలహారం. మధ్యాహ్నం తినేది "ఊట". మన ఊట బావిలో ఊరుతుంది, వాళ్ళ ఊట విస్తట్లో ఉంటుంది! ఇలాంటి జంట పదాలు పోగు చేయడం అప్పటికి మా అందరికీ ఒక ఆటగా మారింది.

దారిలో మేష్ట్రు గారు ఊరి పేరు మీద పరీక్ష పెట్టారు. కర్ణాటకంలో ఊళ్ళకు కూడా ఇంటిపేరు ఉన్నట్టు పొడి అక్షరాలుంటాయి. ఎచ్.డి.కోటె అంటే హెగ్గడదేవనకోటె. కె.ఆర్.నగర అంటే కృష్ణరాజనగర. సి.ఎన్.హళ్ళి అంటే చిక్కనాయకనహళ్ళి. మరి వై.ఎన్.హొసకోట? ఎవరికీ తెలియలేదు. "యర్రమంచి నాయకన హొసకోటె" అని ఆయనే చెప్పారు. హొస అంటే కొత్త. యర్రమంచి నాయకుడి కొత్త కోట అన్నమాట. నేను ఉలిక్కిపడ్డాను. ఎర్రమంచి అనే ఊరు పెనుకొండ పక్కన ఉంది. కియా కార్ల కర్మాగారం ఉన్నది ఆ ఊరి పొలిమేరలోనే. పేరులో సగం తెలుగు, సగం కన్నడం. పైన ఇంగ్లీషు పొడి అక్షరాలు తొడుక్కుని కూర్చుంది ఆ ఊరు.

మధుగిరి దగ్గర ఒకే రాయిలా నిలబడ్డ కొండనూ, దాని మీది కోటనూ వ్యాను కిటికీలోంచే చూసి ముందుకు సాగాం. ఆ తరువాత ఒక విచిత్రం జరిగింది. జపాన్ అబ్బాయి కిటికీలోంచి బోర్డులు చదువుతూ వస్తున్నవాడు ఉన్నట్టుండి, "మేష్ట్రే, ఇక్కడి అక్షరాలకు తల మీద కొమ్ములు వచ్చాయి!" అన్నాడు కన్నడంలో. చూస్తే అవి తెలుగు బోర్డులు. కర్ణాటకంలోని ఒక తాలూకా కేంద్రం నుంచి మరొక తాలూకా కేంద్రానికి వెళుతూ, మధ్యలో ఆంధ్రప్రదేశ్ మడకశిర నేల మీద అడుగుపెట్టామన్నమాట. ఇంకాసేపటికి కొమ్ములు పోయి, అడ్డగీతలు వచ్చాయి. మళ్ళీ కర్ణాటకం.

గీత గీసింది ఎవరు?

పటంలో చూస్తే పావగడ తాలూకా ఆంధ్ర లోపలికి చొచ్చుకు వచ్చిన ద్వీపకల్పంలా కనిపిస్తుంది. ఉత్తరాన కళ్యాణదుర్గం, కంబదూరు; తూర్పున రామగిరి, పెనుకొండ; దక్షిణాన మడకశిర. పడమటి వైపు మాత్రమే చిత్రదుర్గం జిల్లాతో కలిసి, కర్ణాటకాన్ని పట్టుకుని ఉంటుంది. తన సొంత జిల్లా తుమకూరుతోనే దీనికి సరిగ్గా నేల అతుకు లేదు.

భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డాయి కదా, మరి ఇదేమిటి అని జర్మనీ అమ్మాయి అడిగింది. దీనికి సమాధానం భాషలో లేదు, యుద్ధంలో ఉంది. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను మరణించాక అతని రాజ్యాన్ని పంచుకున్నారు. కొంత మైసూరు ఒడెయర్లకు మిగిలింది. నిజాముకు దక్కిన భాగాలను ఆయన 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అవే దత్త మండలాలు, మన రాయలసీమ. ఆ పంపకంలో పావగడ మైసూరు వైపు, చుట్టూ ఉన్న అనంతపురం సీమ కంపెనీ వైపు పడ్డాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను తాలూకాల వారీగా విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, మిగిలినవి మైసూరుకు వెళ్ళాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశూ, విస్తరించిన మైసూరు రాష్ట్రమూ ఒకే రోజున పుట్టాయి. ఇంత జరిగినా పావగడ చుట్టూ ఉన్న పాత గీత మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ గీతకు అటూ ఇటూ ఇళ్ళలో తెలుగు వినిపిస్తూనే ఉంది. 2011 జనగణన ప్రకారం కర్ణాటకంలో నూటికి దాదాపు ఆరుగురి మాతృభాష తెలుగు. పావగడ తాలూకా పల్లెల్లో తిరిగితే ఆ లెక్క ఏ మూలకూ చాలదనిపిస్తుంది.

పావగడ పేరునే తీసుకోండి. పాముకొండ అనే మాట నుంచి వచ్చిందంటారు. కన్నడంలో పాము "హావు". పాలు, హాలు, పులి, హులి, పల్లి, హళ్ళి, పువ్వు, హూవు. పాత కన్నడంలో ఉండిన పకారం కాలక్రమాన హకారమైందని మేష్ట్రు తరగతిలో చెప్పినప్పుడు మేము నోటుపుస్తకాల్లో రాసుకున్నాం. ఆ లెక్కన ఈ ఊరు "హావగడ" కావాలి కదా! ఎదురుగా కొండ మీద పాత కోట గోడలు కనిపిస్తుంటే, పకారాన్ని వదలకుండా పట్టుకున్న ఈ ఊరు నాకు మా పక్కింటి పిల్లలా అనిపించింది. ఊళ్ళో శని మహాత్ముడి గుడి ప్రసిద్ధి. శనివారం కావడంతో ఇసుక వేస్తే రాలనంత జనం. దూరం నుంచే దండం పెట్టుకుని, భోజనాలు ముగించుకుని హొసకోట దారి పట్టాం.

పడుగూ పేకా, హాసూ హొక్కూ

వై.ఎన్.హొసకోట పావగడకు ఉత్తరాన ఉంది. చెరువులు, రాళ్ళ గుట్టలు, కోత అయిపోయిన వేరుశెనగ చేలు, వాటి మధ్య కాస్త పెద్ద ఊరు. ఊళ్ళోకి వెళ్ళగానే చెవికి తగిలింది మగ్గాల చప్పుడు. ఇక్కడి పట్టుచీరల నేత చుట్టుపక్కల పేరున్నది. ధర్మవరం వెళ్ళే మనవాళ్ళు ఇక్కడికి రాకపోవచ్చు గానీ, పనితనంలో రెండూ అక్కచెల్లెళ్ళే.

మేష్ట్రు గారి స్నేహితుడు ఒకాయన, పదవీ విరమణ చేసిన బడి ఉపాధ్యాయుడు, మమ్మల్ని ఒక నేతపని వారింటికి తీసుకువెళ్ళాడు. గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చున్న పెద్దమనిషి మమ్మల్ని చూసి లేవబోతే వద్దని బతిమాలాం. మేష్ట్రు గారు ఆ మగ్గాన్నే నల్లబల్ల చేసుకుని పాఠం మొదలుపెట్టారు. పొడవు దారం "హాసు", అడ్డ దారం "హొక్కు", దారాన్ని మోసుకుని అటూ ఇటూ పరిగెత్తేది "లాళి". రెండు విషయాలు విడదీయరాకుండా కలిసిపోతే కన్నడంలో "హాసుహొక్కు" అంటారని చెప్పారు. అంతలో నేతగాడు చేయి ఆపకుండానే, "మేము పడుగు, పేక, నాడె అంటాం సార్" అన్నాడు తెలుగులో. వెంటనే కన్నడంలోకి తిరిగి, "బెంగళూరు షావుకారు వస్తే హాసు అంటాను, ధర్మవరం వాళ్ళొస్తే పడుగంటాను. దారానికేం తెలుసు!" అని నవ్వాడు.

మాకందరికీ నోట మాట రాలేదు. ఆయనకు అది చమత్కారం కాదు, రోజువారీ సంగతి. పట్టు హిందూపురం సంతలోనూ దొరుకుతుంది, శిడ్లఘట్టలోనూ దొరుకుతుంది. జరీ సూరత్ నుంచి వస్తుంది. చీర ఏ ఊరిదో, ఏ భాషదో కొనేవాళ్ళు అడగరు. అంచు ఎలా ఉందో చూస్తారు, ధర అడుగుతారు. ఆ ధర దగ్గరే ఇబ్బంది అంతా అని ఆయన చెప్పాడు. మరమగ్గం చీర పక్కన చేతిమగ్గం చీర నిలబడాలంటే కష్టం. చేతిపనికి కూలి గిట్టదు. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు చూసుకున్నారు. "వాళ్ళకు ఈ గుంటలో కాళ్ళు పెట్టమని ఎట్లా చెప్పేది?" అన్నాడు. ఈ మాట తెలుగులోనే అన్నాడు. మేష్ట్రు గారికి నేను కన్నడంలో చెప్పాల్సి వచ్చింది. అప్పుడే ఆయన నా షరతు ఎత్తేశారు. "ఇక్కడ మీకు తెలుగు వద్దనడం, వంటింట్లో నిప్పు వద్దన్నట్టు ఉంటుంది" అన్నారు.

పెండ్లి పత్రిక

ఆ రాత్రి బస ఆ ఉపాధ్యాయుడి ఇంట్లోనే. ఆడవాళ్ళకు లోపలి గది, మగవాళ్ళకు మిద్దె అనుకున్నారు గానీ, చివరకు అందరం మిద్దె మీదికే చేరాం. ఆయన తల్లికి ఎనభై దాటి ఉంటాయి. ఊరంతా ఆమెను "అవ్వ" అంటుంది. నన్ను చూడగానే, "పాపా, మీది యా వూరు?" అన్నది. చెప్పాను. "ఇశాకపట్నమా? అది యాడుండాది?" సముద్రం పక్కన అన్నాను. "అంత దూరంనుంచి కన్నడ నేర్చుకునేకి వచ్చినావా? మా పిల్లోళ్ళు ఇంగ్లీషు నేర్చుకునేకి పోతాండారు!" అని బోసినోటితో నవ్వింది.

రాత్రి భోజనంలో రాగిసంగటి, ఊరుబిండి, అనపగింజల పులుసు. ఊరుబిండి అంటే వేయించిన వేరుశెనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరిన పచ్చడి. సంగటిని నమలకుండా మింగాలని అవ్వ చెబితే, జపాన్ అబ్బాయి బుద్ధిగా ఒక్కొక్క ముద్దా మింగి, చివరికి "సాకు, సాకు" అని చేతులు అడ్డం పెట్టాడు. సాకు అంటే చాలు. మనకు సాకు అంటే వంక కదా! సంగటి తప్పించుకోవడానికి అతను చెప్పింది ఏ సాకో దేవుడికే తెలియాలి.

భోజనాలయ్యాక జర్మనీ అమ్మాయి నోటుపుస్తకం తీసి, బడిలో నేర్చిన శుద్ధమైన కన్నడంలో అవ్వను అడిగింది: మీ మాతృభాష ఏది? అవ్వకు మాతృభాష అనే మాట కొత్త. కొడుకు విడమరిచి చెప్పాడు. అవ్వ కాసేపు ఆలోచించి, "ఇంట్లో మాట్లాడేది తెలుగు. అంగడికి పోతే కన్నడ. దేవునికి రెండూ వచ్చు. ఏ భాష అయితే ఏమి తల్లీ, ఎదుటి మనిషికి తెలియల్ల గదా!" అన్నది. ఆ అమ్మాయి పుస్తకంలో గడి ఒక్కటే ఉంది. అందులో ఏం రాయాలో తెలియక పుస్తకం మూసేసింది.

అప్పుడు అవ్వ లోపలికి వెళ్ళి ఒక పెండ్లి పత్రిక తెచ్చింది. చెల్లెలి మనవరాలి పెండ్లి. ముందురోజు ఎవరో వచ్చి, ఇంటికి తాళం ఉంటే పక్కింట్లో ఇచ్చి పోయారట. పత్రిక ఆంధ్ర వైపు నుంచి వచ్చింది, అచ్చు తెలుగులో ఉంది. అవ్వకు చదువు రాదు. కొడుకు కన్నడ ఉపాధ్యాయుడు. చూపు ఆనక అద్దాలు వెతుక్కుంటున్నాడు. తొమ్మిదో తరగతి చదివే మనవడు పత్రిక చూసి, తారీఖు అంకెలు చదివి చెప్పి, "మిగతాది తెలుగు అక్షరం. నాకు రాదు" అని తిరిగి ఇచ్చేశాడు. అంతసేపూ మాతో తెలుగులో గలగలా మాట్లాడుతున్నది ఆ పిల్లవాడే!

నేను చదవబోయాను. మేష్ట్రు గారు నన్ను ఆగమని, పత్రికను జపాన్ అబ్బాయి చేతిలో పెట్టారు.

అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. ఏడు నెలలుగా నేర్చుకున్నది కన్నడ అక్షరాలు. దీపం దగ్గరగా పెట్టుకుని, వేలు ఆనించి, చంటిపిల్లలు నడిచినట్టు చదవడం మొదలుపెట్టాడు. శు-భ-లే-ఖ. బం-ధు-మి-త్ర. సు-ము-హూ-ర్త. సంస్కృతం మాటలు వచ్చిన చోట, అవి కన్నడంలోనూ ఉన్నవే కాబట్టి, ముఖం వెలిగేది. "త" దగ్గర, "శ" దగ్గర తడబడి నా వైపు చూసేవాడు. అచ్చ తెలుగు మాటలు అతనికి వట్టి చప్పుళ్ళు. కానీ ఆ చప్పుడు అవ్వ చెవిన పడగానే మాటయ్యేది. చదివేవాడికి అర్థం తెలియదు. అర్థం తెలిసినామెకు అక్షరం తెలియదు. ఇద్దరి మధ్య ఆ పత్రిక తనను తాను చదువుకుంటున్నట్టు ఉంది.

"వివాహ వేదిక" అని చదివి, కింది పంక్తిలో "క-ల్యా-ణ-దు-ర్గం" అన్నాడు.

అవ్వ లేచి నిలబడింది. "కళ్యాణదుర్గమా? కంబదూరులో కాదా? ఇంగొక పారి చదువు నాయనా!" ఇంకోసారి చదివాడు. పెండ్లి ఆడపిల్ల ఇంటి దగ్గర కంబదూరులో అనుకుని అవ్వ ఆటోకు కూడా మాట్లాడించిందట. చదివించకపోయి ఉంటే ముసలామె పెండ్లికూతురు లేని ఊరికి చేరేది.

ఆ సందడిలో నేను మనవడిని గమనిస్తూ ఉన్నాను. వాడు మెల్లగా జపాన్ అబ్బాయి పక్కకు జరిగి పత్రికలోకి తొంగిచూశాడు. "ఇది మా 'న'నే కదా?" అన్నాడు. అవును, తల మీద గీతకు బదులు టిక్కు మార్కు ఉంది, అంతే అన్నాను. తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకే తల్లి పిల్లలనీ, కొన్ని వందల ఏళ్ళ కిందటిదాకా వాటి మధ్య పెద్దగా తేడా లేదనీ మేష్ట్రు గారు చెప్పారు. మిగిలిన సగం పత్రిక వాడే చదివాడు. జపాన్ అబ్బాయి కంటే వేగంగా చదివాడు, ఎందుకంటే వాడికి ఏ చప్పుడు ఏ మాటో ముందే తెలుసు. "విందు" అనే మాట దగ్గర ఆగి, "అవ్వా, భోజనం కూడా ఉండాదంట!" అని అరిచాడు. ఇల్లంతా నవ్వింది.

పక్కన కూర్చున్న అమెరికా కన్నడిగుల పిల్ల మాత్రం నవ్వలేదు. చాలాసేపటికి, మిద్దె మీద చాపలు పరుచుకుని దుప్పట్లు కప్పుకున్నాక, తనంతట తనే చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ పోయేదాకా అమ్మకు కన్నడంలో ఉత్తరాలు రాసేదట. అవి వాళ్ళింట్లో ఒక బిస్కట్ల డబ్బా నిండా ఉన్నాయి. అమ్మను చదివి చెప్పమంటే రెండు పంక్తులు చదివి కళ్ళు తుడుచుకుని మూసేస్తుంది. "అవి నేను చదువుకోవాలి. అందుకే వచ్చాను. దరఖాస్తులో మాత్రం వేరే కారణాలు రాశాను" అన్నది. మేమెవరమూ ఏమీ అనలేదు. జనవరి చలి, పైన లెక్కపెట్టలేనన్ని చుక్కలు, దూరంగా ఎక్కడో ఇంకా ఆగని ఒక మగ్గం.

పొలాల్లో అద్దాలు

ఆదివారం పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, అవ్వకు దండం పెట్టి బయలుదేరాం. దారి మార్చి తిరుమణి వైపు వెళ్ళాం. అక్కడ పావగడ సౌర విద్యుత్ పార్కు ఉంది. తిరుమణి, బళసముద్ర, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు అనే ఐదు పల్లెల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో అద్దాల పలకలు పరిచారు. 2018 మార్చిలో మొదటి విడత ప్రారంభమైంది. 2019 చివరికి మొత్తం 2,050 మెగావాట్ల సామర్థ్యం వచ్చింది. ఆ పల్లెల పేర్లు మరొక్కసారి చూడండి: చెర్లు! కరువు సీమలో చెరువుల పేర పుట్టిన ఊళ్ళు, తెలుగు పేర్లతో, కర్ణాటకంలో.

ఇక్కడ భూమిని కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి రూ.21,000, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు అని ఒప్పందం. వాన నమ్ముకుని వేరుశెనగ వేసి ఏటా నష్టపోయేవారికి ఇది ఊరట. కానీ భూమి లేని కూలీకి కౌలు రాదు. ఉన్న పొలం పనీ పోయింది. మా ఇంటి యజమానురాలు "ఎండ తప్ప ఏముంది" అన్న మాట గుర్తొచ్చింది. ఆ ఎండే ఇప్పుడు ఇక్కడి పంట. కాకపోతే ఆ పంట కోతకు కూలీలు అక్కర్లేదు.

అక్కడి నుంచి నాగలమడికె. కుక్కె, ఘాటి, నాగలమడికె అని సుబ్రహ్మణ్య క్షేత్రాలు మూడింటినీ కలిపి చెబుతారు. మొదటిది ఆది, రెండోది మధ్య, ఇది అంత్య సుబ్రహ్మణ్యం. గుడి ఉత్తర పినాకిని ఒడ్డున ఉంది. ఉత్తర పినాకిని అంటే మన పెన్నే. నంది కొండల దగ్గర కర్ణాటకంలో పుట్టి, హిందూపురం దగ్గర ఆంధ్రలోకి వచ్చి, మళ్ళీ పావగడ తాలూకాలోకి వెళ్ళి, తిరిగి ఆంధ్రలోకి వచ్చి, చివరికి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. మేము వెళ్ళినప్పుడు నీళ్ళు లేవు, ఇసుకే. ఆ ఇసుకలో చెప్పులు విప్పి నడుస్తూ, ఈ నది ఎన్నిసార్లు రాష్ట్రం మారుతుందో అందరం వేళ్ళ మీద లెక్కపెట్టాం.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఆ కొమ్ముల బోర్డులు వచ్చాయి. ఈసారి వ్యానులో ఉన్న ఎనిమిది మందీ వాటిని గట్టిగా చదివారు. మరాఠీ దంపతులు కూడా! అర్థం అడిగితే మాత్రం అందరి చూపూ నా వైపే.

మన పిల్లల మాట

ఈ పత్రిక చదివే మన కుటుంబాల్లో చాలా మంది పిల్లల పరిస్థితి ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడిదే. ఇంట్లో తెలుగు వస్తుంది, వింటారు, జవాబూ చెబుతారు. అక్షరం చూపిస్తే "నాకు రాదు" అని పక్కన పెట్టేస్తారు. మనం కూడా వాళ్ళకు తెలుగు రాదనే నిర్ణయానికి వచ్చేస్తాం. హొసకోటలో నేను చూసింది వేరు. మాట ముందే వచ్చిన పిల్లవాడికి అక్షరం నేర్పడం, రానివాళ్ళకు నేర్పడం ఒకటి కాదు. సగం దారి వాడు ఎప్పుడో నడిచేశాడు. తనకు కావలసిన కాగితం ఒకటి చేతిలో ఉండాలి. తనతో పాటు తడబడే తోడు ఒకరు ఉండాలి. పాఠ్యపుస్తకం తరువాత తెరవవచ్చు. ముందు ఒక పెండ్లి పత్రికో, తాతగారి ఉత్తరమో, అమ్మమ్మ రాసుకున్న వంటల చీటీయో వాళ్ళ ముందు పెట్టి చూడండి.

ఇండియా వెళ్ళినప్పుడు పిల్లలతో హొసకోట చూడాలనుకునేవారికి రెండు ముక్కలు. బెంగళూరు నుంచి పావగడ సుమారు 160 కిలోమీటర్లు. తుమకూరు, మధుగిరి మీదుగా బస్సులున్నాయి. హిందూపురం, పెనుకొండ వైపు నుంచి కూడా రావచ్చు. వేసవిలో వద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఈ తాలూకాలో భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ కనుక శుద్ధి చేసిన నీళ్ళే తాగండి. శనివారం గుడి దగ్గర రద్దీ ఉంటుంది. చీర కొనదలచుకుంటే మగ్గం ఉన్న ఇంటికే వెళ్ళి, నేసిన మనిషిని చూసి కొనండి. బేరం ఏ భాషలో ఆడినా ఫరవాలేదు, మరీ గీసి ఆడకండి.

అన్నట్లు, అవ్వ కళ్యాణదుర్గం వెళ్ళి పెండ్లి చూసి వచ్చిందట. ఉపాధ్యాయుడు గారు మేష్ట్రు గారికి ఫోను చేసి చెప్పారు. బస్టాండులో దిగాక మండపానికి దారి చెప్పే బోర్డులన్నీ మనవడే చదివాడట.